నలుగురి ముందు చెప్పాల్సిన మాట

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే మా మనవరాలు "మా తాత జనాల చేత మాత్రలు మింగించేవాడు" అని చెబుతుంది. ఇంకాస్త గొప్పగా చెప్పొచ్చు కదా అని నాకు అనిపిస్తుంది కానీ ఆ పిల్ల చెప్పేదే నిజం. చిత్తూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో, క్షయ రోగుల విభాగంలో ఫీల్డు వర్కరుగా చేరి, అదే విభాగంలో రిటైరయ్యాను. మోపెడ్ మీద పల్లెలు తిరగడం, రోగుల చేత మందు మింగించడం, కార్డులో గుర్తు పెట్టుకోవడం, ఇదే నా పని.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మొండి రోగులను ఎలా దారికి తెచ్చేవారు సార్ అని అడుగుతారు. దారికి తెచ్చిన కథలు నా దగ్గర చాలానే ఉన్నాయి. అవన్నీ కాస్త ఉప్పూకారం వేసి చెప్పాను, కాఫీలు తాగుతూ అందరం నవ్వుకున్నాం. ఒక్క సంగతి మాత్రం ఈ పిల్లలెవరికీ చెప్పలేదు. చెబితే నా ముందు కూర్చున్న పిల్లల మొహాలు ఎలా మారతాయో చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. రాయడమైతే ఎవరి మొహమూ చూడనక్కర్లేదు గనక ఇప్పుడు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో క్షయకు మందులిచ్చే పద్ధతి మారింది. అంతకుముందు నెలకు సరిపడా మాత్రలు కట్టి ఇంటికి పంపేవాళ్లం. దగ్గు తగ్గగానే చాలామంది మానేసేవాళ్లు, జబ్బు మళ్లీ తిరగబెట్టేది. కొత్త పద్ధతిలో ఒక్కో రోగికి ఒక్కో అట్టపెట్టె. లోపల పూర్తి కోర్సు మందు, పైన రోగి పేరు. మొదటి నెలల్లో వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు, మేము ఎదురుగా నిలబడి ఇవ్వాలి, రోగి మా కళ్లముందే మింగాలి, అప్పుడు కార్డులో ఆ తేదీ గడిలో గుర్తు పెట్టాలి. గడి ఖాళీగా ఉంటే తిరుపతిలో జరిగే సమావేశంలో అందరి ముందూ లేచి నిలబడి కారణం చెప్పాలి. నా కార్డుల్లో ఖాళీ గడులు ఉండేవి కావు. అది చూసి నాకు గర్వంగా ఉండేది. పైకి మాత్రం బాధ్యత అనేవాణ్ణి.

మా ఆసుపత్రిలో రోజూ పని మొదలుపెట్టే ముందు అందరం కలిసి ప్రార్థన చేసేవాళ్లం. ఒక్కో రోజు ఒకరు బైబిలు వాక్యం చెప్పేవాళ్లు. శుక్రవారం నా వంతు. నాకు గొంతు బాగుండేది, మాట తడుముకోకుండా వచ్చేది. ఆ ఏడాది సాత్వికం, సంతోషం, కనికరం అనే మూడింటిని తీసుకుని వారం వారం చెప్పుకుంటూ పోయాను. క్రైస్తవుడి జీవితంలో ఇవి అలంకారాలు కావని, రోజూ సాధన చేయాల్సినవని గట్టిగా చెప్పేవాణ్ణి. డాక్టరమ్మలు తల ఊపేవాళ్లు. వెనక వరసలో మా విభాగం అక్క మాత్రం గోడకు ఆనుకుని కునికేది.

ఆ అక్క గురించి చెప్పాలి. నాకంటే పదేళ్లు పెద్దది. ఆయాగా చేరి, చూసి చూసి సూదులు వేయడం దాకా నేర్చుకుంది. డాక్టర్లతో సహా అందరికీ ఆమె అక్కే. తెల్లవారకముందే లేచి ఇంటిపని, బస్సు, ఆ తర్వాత ప్రార్థన, కునుకు రాక ఏమవుతుంది? ఆమె కార్డులు చూస్తే నాకు ఒళ్లు మండేది. గుర్తులు ఒక గడిలో పెట్టాల్సింది ఇంకో గడిలో పెట్టేది. రోగుల ఇళ్లకు వెళితే నేల మీద చతికిలబడి, వాళ్లు సంగటి పెడితే సంగటి తిని, వాళ్ల కోడిపిల్లల బాగోగులు కూడా విచారించి, నవ్వించి, చివర్లో ఎప్పుడో మాత్రలు తీసేది. నేను నాలుగిళ్లు చూసేసరికి ఆమె ఒక్క ఇల్లు ముగించేది. అయినా ఆమె రోగులెవరూ మందు మానేసేవాళ్లు కారు. అది ఎందుకో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఏ ఇంటికి వెళ్లినా చెప్పులు విడిచి, గడప ముందు ఒక్క క్షణం ఆగి, పెదాలు కదిపేది. ఏమని అనుకుంటావు అక్కా అని ఒకసారి అడిగాను.

"నాకు కోపం జాస్తి తమ్ముడూ. మా ఇంట్లో అడుగు, సెప్తారు. అందుకే లోపలికి పొయ్యే ముందర, ప్రభువా, నా మొగంలో ఇసుగు కనపడనీయొద్దు అని అడుక్కుంటా. పెద్ద ప్రార్థన నాకు యాడ వస్తాది?" అంది.

చదువు లేని మనిషి భక్తి అలాగే ఉంటుందిలే అనుకుని నవ్వుకున్నాను.

ఇక అసలు మనిషి దగ్గరకు వస్తాను. ఐరాల దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో బెల్లం వండే ఆయన ఉండేవాడు. నలభై ఏళ్లుంటాయి. చెరుకు కొట్టే కాలం వచ్చిందంటే చుట్టుపక్కల రైతులంతా ఆయన కోసం కాచుకునేవాళ్లు. చెరుకుపాలు పెద్ద ఇనుప పెనంలో కాగి కాగి చిక్కబడ్డాక, ఏ నిమిషంలో దించాలో తెలియాలి. కాస్త ముందు దించితే బెల్లం ముద్దగా ఉండిపోతుంది, ఆలస్యమైతే నల్లబడుతుంది. ఆయన చల్లనీళ్లలో చిటికెడు పాకం వేసి, రెండు వేళ్ల మధ్య నలిపి చూసి చెప్పేవాడు. ఆయన దించమంటే దించడమే. ఆ రెండు వేళ్ల మీదే ఆయన ఇల్లూ మర్యాదా రెండూ నడిచేవి.

కళ్లె పరీక్షలో క్షయ అని తేలినప్పుడు చాలామంది బతుకుతానా అని అడుగుతారు. ఆయన అది అడగలేదు.

"ఊర్లో తెలీకుండా కుదురుతాదా సార్? నేను వండింది జనం తింటారు. తెలిస్తే నా సేతి బెల్లం ఎవురు ముట్టుకుంటారు?" అన్నాడు.

తిండి ద్వారా ఈ జబ్బు అంటుకోదని నేను వివరంగా చెప్పాను. నీకూ నాకూ తెలిస్తే ఏం లాభం సార్ అన్నట్టు చూశాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. పొద్దున ఏడింటికి రోడ్డు మీది కల్వర్టు దగ్గర కలుసుకోవాలి. ఆయన సీసాలో నీళ్లు తెచ్చుకుంటాడు, నేను మాత్రలు తెస్తాను. ఇంటికి మాత్రం రావొద్దు, గానుగ దగ్గరికి అసలే రావొద్దు. సరేనన్నాను. ఏడు మాత్రలు గుక్కెడు నీళ్లతో మింగి, కల్వర్టు గట్టు మీదే కాసేపు కూర్చునేవాడు. మీ ఆస్పత్రిలో పొద్దన్నే ప్రార్థన జేస్తారంట గదా, నన్ను కూడా తలుసుకోండి సార్ అని ఒకరోజు అన్నాడు. తప్పకుండా అన్నాను. ఆసుపత్రికి వచ్చేసరికి మర్చిపోయాను.

మందు బాగా పట్టింది. దగ్గు దాదాపు పోయింది, ఇక ఇంకొకరికి అంటించే ప్రమాదం లేదని డాక్టరు చెప్పాడు. అప్పుడు బెల్లం కాలం మొదలైంది. పొయ్యి ఒకసారి అంటించాక పెనాల మీద పెనాలు దిగుతూనే ఉంటాయి, వండే మనిషి పక్కకు కదలడానికి ఉండదు. ఒక సోమవారం ఆయన కల్వర్టు దగ్గరికి రాలేదు. బుధవారమూ రాలేదు. నా కార్డులో రెండు గడులు ఖాళీ. శనివారం తిరుపతిలో సమావేశం.

అక్క నాతో చెప్పింది. "నేను పోతాలే తమ్ముడూ. బెల్లం కొనేదానిమాదిరి పోయి, పక్కకు పిలిసి సేతిలో పెట్టి వస్తా." నా రోగిని నేను చూసుకోగలను అన్నాను. శుక్రవారం పొద్దున ప్రార్థనలో సాత్వికం గురించి అరగంట మాట్లాడి, పెట్టె సంచిలో వేసుకుని, మోపెడ్ ఎక్కి నేరుగా గానుగ దగ్గరికి వెళ్లాను.

అక్కడ పది పన్నెండు మంది ఉన్నారు. చెరుకు రైతు, గానుగలో చెరుకు పెట్టేవాళ్లు, పొయ్యిలో చెరుకుపిప్పి ఎగదోసే ఆడవాళ్లు, చిత్తూరు మండీ నుంచి వచ్చిన ఒక వ్యాపారి. పాకం దిగే సమయం. ఆయన నన్ను చూశాడు. మొహం ఒక్కసారి పాలిపోయింది. తర్వాత ఆయన చేసిన పని నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. చెరుకు ముక్క ఒకటి తీసుకుని, దాని మొనకు వేడి పాకం చుట్టి, నవ్వు మొహంతో నాకు ఎదురొచ్చాడు.

"రాండి సార్, రాండి. మా పాకం రుసి సూడండి" అన్నాడు.

బెల్లం వండే చోటికి ఎవరు వచ్చినా పాకం పెట్టడం అక్కడి మర్యాద. దారిన పోయేవాడైనా సరే, తినకుండా పోడు. ఆయన నన్ను ఒక చుట్టాన్ని చేస్తున్నాడు, తెలిసిన సారు ఎవరో ఊరికే చూడ్డానికి వచ్చాడని పదిమందికీ చూపిస్తున్నాడు. నేను ఆ చెరుకు ముక్క అందుకుని నోట్లో పెట్టుకుని ఉంటే అయిపోయేది. కాసేపు నిలబడి, పక్కకు పిలిచి, మాత్రలు ఇచ్చేసి రావొచ్చు. పాపం, ఆయన అంతా సిద్ధం చేసి పెట్టాడు.

నేను చెయ్యి చాచలేదు.

"నేను తినేదానికి రాలేదు. ముందు ఇవి మింగు. రెండుసార్లు ఎగ్గొట్టినావు. నీ వల్ల నేను రేపు తిరుపతిలో తల దించుకోవాల" అన్నాను. పేరు రాసిన పెట్టె తీసి చెరుకు మోపుల మీద పెట్టాను. మందులు మానేస్తే రక్తం కక్కి చస్తావని కూడా అన్నాను. గొంతు బాగుండేదని చెప్పాను కదా, అందరికీ వినబడింది.

ఆయన చేతిలోని చెరుకు ముక్కను ఎక్కడ పెట్టాలో తెలియక ఒకసారి అటూ ఇటూ చూసి, గానుగ దిమ్మె మీద పెట్టాడు. పిప్పి ఎగదోసే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. అందరి ముందూ నిలబడి ఏడు మాత్రలూ మింగాడు. ఈ లోపల పెనంలో పాకం ముదిరిపోయింది, దించండి దించండి అని రైతు అరిచాడు. నేను కార్డులో గుర్తు పెట్టుకుని వచ్చేశాను. మర్నాడు తిరుపతిలో, రోగి పనిచేసే చోటికే వెళ్లి మందు మింగించిన వర్కరు అని నన్ను మెచ్చుకున్నారు. చప్పట్లు కూడా కొట్టారు.

సోమవారం ఆయన కల్వర్టు దగ్గరికి రాలేదు. ఈసారి ఇంటికే వెళ్లాను. ఇక దాచడానికి ఏముంది అనుకున్నాను. తలుపు దగ్గర ఆయన భార్య నిలబడింది. ఆ బెల్లం మండీవాళ్లు వద్దన్నారని, రైతు ఇంకో పల్లె నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నాడని, ఈయన ఎవరికీ చెప్పకుండా తమిళనాడులోని గుడియాత్తం పక్క తన తోడబుట్టినామె ఊరికి వెళ్లిపోయాడని చెప్పింది. ఆ పెట్టె తీసుకెళ్లలేదు. ఆ మాటలు చెబుతున్నంతసేపూ ఆమె నన్ను లోపలికి రమ్మనలేదు.

నాకు అప్పుడైనా అర్థం కావాలి కదా. కాలేదు. గానుగ దగ్గర జరిగిందంతా చెప్పి, మూఢ జనం, తిండితో అంటుకోదని ఎన్నిసార్లు చెప్పినా వినరు అని ఆసుపత్రిలో అందరితో అన్నాను. అక్క వింటూ సూదులు సర్దుకుంటోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"నువ్వు సెప్పిందే వాళ్లు ఇన్నారు తమ్ముడూ. తిట్టింది యాడన్నా మర్సిపోతారు. నువ్వు తినలేదు గదా, అది సూసినారు. ఆస్పత్రి సారే ఆయప్ప సేతి పాకం ముట్టుకోలా, మనమెట్ల తినేది అనుకోరా?"

ఆ మాట నాకు దిగేదాకా కాస్త సమయం పట్టింది. దిగాక మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు. ఊరూరా బొమ్మల చార్టులు పట్టుకుని తిండితో అంటుకోదని చెప్పినవాణ్ణి నేనే. తినాల్సిన ఒక్క చోట తినకుండా వచ్చినవాణ్ణీ నేనే.

అక్క గుడియాత్తం బస్సు ఎక్కి రెండుసార్లు వెళ్లింది. మొదటిసారి ఆయన కనబడలేదు. రెండోసారి కనబడ్డాడు కానీ రానన్నాడు. అక్క ఆయన ఉంటున్న ఇంట్లోనే అన్నం తిని, ఊళ్లో సంగతులు మాట్లాడి, మందు మాటే ఎత్తకుండా తిరిగి వచ్చిందట. ఆ తర్వాత నెలకు ఆయనే వచ్చి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. అప్పటికి మందు మాని అయిదు నెలలు. మనిషి సగమయ్యాడు. జబ్బు తిరగబెట్టింది, ఈసారి సూదులు కూడా కావాలి. మందు ఎవరి చేతి మీదుగా అంటే, అక్క ఇస్తే వేయించుకుంటానన్నాడు. నా గురించి ఒక్క మాట అనలేదు. నేను అదే గదిలో ఉన్నాను.

కోర్సు పూర్తయింది, పరీక్షలో క్రిములు లేవు, రిజిస్టరులో నయమైందని రాశాం. కానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. పొయ్యి సెగ ముందు నిలబడే పని ఇక ఆయన వల్ల కాదు. వేళ్లకు మాత్రం పాకం గుర్తుండే ఉంటుంది.

సాత్వికం మీద నేను వాక్యం చెప్పడం మానేశాను. వంతు వస్తే ఎవరినో ఒకరిని అడిగేవాణ్ణి. చివరికి ఒకరోజు అక్కే నన్ను పట్టుకుంది. ఎన్నాళ్లు ఇట్ల మొగం దాచుకుంటావు, పోయి ఆయప్పను కలువు అంది. ఒక మధ్యాహ్నం వెళ్లాను. ఇంట్లో ఆయన ఒక్కడే ఉన్నాడు, భార్య కూలికి వెళ్లింది. వీధిలో కూడా ఎవరూ లేరు. ఎవరూ లేని వేళ చూసే వెళ్లానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. మంచం మీద జరిగి నాకు చోటిచ్చాడు, మా పిల్లల చదువుల గురించి అడిగాడు. నేను తప్పు చేశానని, మన్నించమని అన్నాను. కన్నీళ్లు కూడా వచ్చాయి.

ఆయన మెల్లగా, కోపం ఏమీ లేకుండా అన్నాడు.

"నాకు నీ మింద కోపం లేదు సార్. అయితే నువ్వు అనింది నలుగుర్లో గదా. ఈ మాట ఈడ నా ఒక్కడికి సెప్తే ఏమొస్తాది? ఆ నలుగుర్లో సెప్పు."

చెప్తాను అన్నాను. వచ్చే బెల్లం కాలంలో గానుగ దగ్గరికి వచ్చి, అందరి ముందూ చెబుతానని ఆయన చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

బెల్లం కాలం వచ్చింది. ఒకరోజు బయల్దేరాను కూడా. కల్వర్టు దాకా వెళితే గానుగ పొగ కనబడింది, పచ్చి పాకం వాసన వచ్చింది. అక్కడే మోపెడ్ ఆపి చాలాసేపు నిలబడ్డాను. అంతమంది పల్లెటూరి వాళ్ల ముందు, సారు సారు అని పిలిచేవాళ్ల ముందు, నేను తప్పు చేశానని ఎలా చెప్పడం? ఇంకో రోజు చూద్దాంలే అని బండి తిప్పాను. తిరుపతిలో శిక్షణ ఉందని నాకు నేనే ఒక సాకు చెప్పుకున్నాను. శిక్షణ నిజంగానే ఉంది, కాకపోతే అది పై వారం. ఆ కాలం అలా గడిచిపోయింది.

పిల్లలూ, ఇది రాస్తూ నాకు ఒకటి తోస్తోంది. మందు అయితే ఎదురుగా ఎవరో ఒకరు నిలబడి మింగించాలని కనిపెట్టారు. సాత్వికానికి అలాంటి ఏర్పాటు లేదు, ఎవరికి వాళ్లే మింగాలి. అక్క గడప గడపకూ మింగేది. నేను శుక్రవారం శుక్రవారం దాని గుణాలు వర్ణించేవాణ్ణి. మీరు నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు మాత్రం చాలా సిగ్గుగా ఉంది.

ఆ తర్వాతి వానాకాలంలో జలుబు చేసి, ఆయాసం ముదిరి ఆయన పోయాడు. కబురు అక్కకు వచ్చింది, అక్క నాకు చెప్పింది.  అప్పటికి ఆమెకు రిటైర్మెంటు నెల దగ్గర పడింది.

ఆ ఏడాది గానుగ ఆడే రోజుల్లో వెళ్లాను. ఈసారి కల్వర్టు దగ్గర ఆగలేదు. అదే చోటు, చాలావరకు అవే మొహాలు. కొత్తగా వండే మనిషి నాకు పాకం పెట్టాడు, తిన్నాను. తర్వాత అందరినీ ఒక్క నిమిషం ఇటు వినమన్నాను. గానుగ ఆపారు. ముందు ఇక్కడ వండిన ఆయన చేతి పాకం నేను తినకపోవడం నా తప్పని, ఆయన జబ్బు అప్పటికే ఎవరికీ అంటనిదని, ఆ సంగతి దాచిపెట్టమని ఆయన నన్ను అడిగాడని, నేను మాటిచ్చి తప్పానని, ఒక్కటీ విడవకుండా చెప్పాను. 

వాళ్లు మర్యాదగా విన్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి ఆ చెరుకు రైతు, నాకు ఇబ్బంది కలగకుండా, మెత్తగా అన్నాడు. "ఎప్పుటి మాట సార్ అది? మీరు వచ్చినట్టే మాకు ఎవురికీ గుర్తులేదు. ఆయప్పకు ఆ జబ్బు ఉండె, పనికి పిలవడం మానుకొంటిమి. అంతే గదా." మిగతావాళ్లు అవునవునన్నారు. ఎవరో నాకు కూర్చోడానికి చోటు చూపించారు.

పొయ్యి దగ్గర వంగి పిప్పి ఎగదోస్తున్న ఆడమనిషి అప్పుడు నడుం ఎత్తి నిలబడింది. పొగలో నేను అంతవరకూ గుర్తుపట్టలేదు. ఆయన భార్య. ఆయన పోయాక అక్కడే కూలికి కుదిరిందట.

"ఆయప్పకు గుర్తుండె సార్" అంది. "పోయినేడు ఈ కాలమంతా పొద్దన్నే నీళ్లు పోసుకొని, ఉతికిన సొక్కా ఏసుకొని, ఈడికొచ్చి ఆ దిమ్మె మింద కూసునేవాడు. సారు వస్తానన్న్యాడు, నేను లేకపోతే ఎట్ల అంటా."